సుజాతమ్మ బండికి ఎండ కరెంటు

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన మరుసటి ఏడు మునికృష్ణప్ప మొదటిసారి మా అంగడికి వచ్చాడు. బాగేపల్లి బస్టాండుకు కొంచెం ఇవతల మా నాయన పెట్టిన బ్యాటరీల అంగడి అది. నేను డిప్లొమా ముగించి వచ్చినాక నాయన ఇంటిపట్టున ఉండి, అంగడి నాకు వదిలేశాడు. ట్రాక్టరు బ్యాటరీలు, ఇన్వర్టర్లు, ఆ మధ్యే కొత్తగా సోలార్ దీపాలు. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ఏదో ఒక చెడిపోయిన వస్తువు మోసుకుని వస్తారు. ఆయన ఉత్త చేతులతో వచ్చి, బెంచీ చివర కూర్చుని, ముందరి గిరాకీ వెళ్ళేదాకా ఓపికగా చూశాడు.

"అమ్మా, బండితో కూడా నడిచే కరెంటు ఏదన్నా ఉండాదా?" అన్నాడు.

పెళ్ళిళ్ళకు మైకు సెట్టు తోలే మనిషేమో అనుకున్నాను. "మైక్‌కా అప్పా?"

"మైక్‌కు కాదమ్మా. మా ఇంటామెకు."

నాకు నవ్వొచ్చింది గానీ ఆయన ముఖం చూసి ఆపుకున్నాను. ఎండకు నల్లబడిన పెద్ద ముఖం. చెవుల మీద నెరిసిన వెంట్రుకలు. నవ్వుతారని తెలిసీ అడిగిన మాటలా ఉంది అది.

ఆయనది గుడిబండ తాలూకు సోమేనహళ్ళి. చిన్నప్పుడే లారీలో క్లీనరుగా చేరి, డ్రైవరై, తర్వాత సొంతంగా ఒక పాత మెటడార్ వ్యాను కొనుక్కున్నాడు. సాయంత్రం తోటల్లో టమోటా బాక్సులు ఎత్తుకుని బయలుదేరితే తెల్లారేసరికి చింతామణి మార్కెట్టు. అక్కడ దింపి, టీ తాగి, ఇంటికొచ్చి పగలంతా నిద్ర. పెళ్ళయిన దగ్గర్నుంచీ అదే బతుకు. భార్య సుజాతమ్మ లేచేసరికి ఆయన దారిలో ఉంటాడు, ఆమె వంట చేసే వేళకు గుర్రు పెడుతుంటాడు. పిల్లలు లేరు. వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారన్న మాటే గానీ, ఒకే పొద్దులో ఉన్నది తక్కువ.

సుజాతమ్మ నాయన మునిశామప్ప గాజుల వ్యాపారి. ఎద్దుల బండిలో గాజుల మలారాలు పెట్టుకుని చింతామణి, చేలూరు, గుడిబండ సంతలన్నీ తిరిగేవాడు. తల్లి లేని పిల్ల కాబట్టి కూతుర్నీ బండిలోనే వేసుకుని పోయేవాడు. ఆమె పెళ్ళయ్యేదాకా పెరిగింది బండిలోనే. పడుకున్నది బండి కింద, వండుకున్నది మూడు రాళ్ళ మీద. అట్లాంటి మనిషి సోమేనహళ్ళిలో ఒక ఇంటికి వచ్చి నిలబడిపోయింది.

కొన్నేండ్లకు ఆయాసం పట్టుకుంది. చిక్కబళ్ళాపురంలో డాక్టరు నెబ్యులైజర్ రాసిచ్చాడు. మందును ఆవిరిగా చేసి, మూతికి తొడిగిన మాస్కులోంచి పంపే మిషను అది. రోజూ పెట్టుకోవాలి, ఊపిరి ఆడకపోతే ఎప్పుడంటే అప్పుడు పెట్టుకోవాలి. మిషనుకు కరెంటు కావాలి. పల్లెలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? చుట్టాల ఇండ్లకు పోవడం మానేసింది. జాతరకు పోవడం మానేసింది. ప్లగ్గు ఉన్న గోడ పక్కనే మంచం వేసుకుంది.

ఒక సాయంత్రం ఆయాసం ఎక్కువైన వేళకు కరెంటు లేదు. పక్కింటి చిక్కమ్మ ఆటో పిలిచి, తనే పట్టుకుని కూర్చుని, గుడిబండ ఆస్పత్రికి తీసుకుపోయింది. ఆ వేళ మునికృష్ణప్ప లోడుతో చింతామణి దారిలో ఉన్నాడు. ఆయనకు సంగతి తెల్లారి ఇంటికొచ్చినాకే తెలిసింది. ఆరోజు నుంచి రాత్రి లోడ్లు ఎత్తలేదు.

"ఇంట్లో కూర్చుంటే గదమ్మా ఇంటి మనిషి కనబడేది," అన్నాడు నాతో. "రోడ్డు మీద ఏ బండి పోయినా వాకిట్లోకి వచ్చి నిలబడి చూస్తాది. అది మలుపు తిరిగేదాకా చూస్తాది. ఏం చూస్తాండావే అని అడిగినా ఒక రోజు. 'యాడికి పోతాండాదో అని' అన్నాది. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదమ్మా."

అందుకే ఆ మెటడార్‌ను ఇల్లుగా చేయాలని పెట్టుకున్నాడు. వెనకాల మంచం, ఒక పొయ్యి, నీళ్ళ డ్రమ్ము. ఆమెను ఎక్కించుకుని మళ్ళీ ఊళ్ళు తిప్పాలి. మిగతావన్నీ వడ్రంగి చేస్తాడు. కరెంటు ఒక్కటే సమస్య.

జనరేటరు పెడితే పొగ. ఇంజను తిప్పి తీసుకున్నా పొగే. ఊపిరితిత్తుల జబ్బు మనిషికి రెండూ పనికిరావు. సోలార్ అయితే సద్దు లేదు, పొగ లేదు. నేను కాగితం తీసుకున్నాను.

"మిషను రోజుకు ఎన్నిసార్లు పెట్టుకుంటుంది అప్పా?"

"పొద్దున ఒకసారి... సాయంత్రం..."

"రాత్రి?"

ఆయన తల గోక్కున్నాడు.

"ఫ్యాను రాత్రంతా కావాలా, కొంచెంసేపు చాలా? దీపం ఎంతసేపు వేసుకుంటుంది? తెల్లవారుజామున లేస్తుందా?"

వీటిలో ఒక్కటి కూడా ఆయనకు తెలియదు. అవి తెలియకపోతే ఎంత బ్యాటరీ కావాలో, పైన ఎంత ప్యానెల్ కావాలో చెప్పలేనని వివరించాను. ఆయన లేచి నిలబడి, "ఇన్నేండ్లు రాత్రుళ్ళు నేను యాడున్నానో నీకు తెలుసు గదమ్మా," అన్నాడు. "పిలుచుకొస్తా. ఆమెనే అడుగు."

ఆ వారంలోనే పిలుచుకొచ్చాడు. సన్నటి మనిషి. నాలుగడుగులు వేసి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ నడుస్తుంది. కానీ కళ్ళు మాత్రం ఒకచోట ఆగవు. అంగడిలో ఉన్న వస్తువులన్నీ చూసి, "ఇది దేనికి? ఇది దేనికి?" అని అడిగింది. నా ప్రశ్నలకు టకటకా జవాబులు చెప్పింది. రాత్రి ఒకసారి తప్పకుండా లేస్తుంది. లేచినాక పడుకుంటే ఆయాసం వస్తుంది గనక దీపం వేసుకుని కూర్చుంటుంది. ఫ్యాను తిరగాలి, గాలి తగలకపోతే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది.

మునికృష్ణప్ప పక్కన నిలబడి, ఎవరో కొత్తమనిషి గురించి వింటున్నట్టు విన్నాడు.

"టీవీకి కూడా వస్తాదామ్మా కరెంటు? చిన్నది పెడదాం, పొద్దు పోతాది ఆమెకు," అన్నాడు.

"టీవీ ఏంటికి మామా? టీవీ చూసేదానికి ఇల్లు ఉండాది గదా," అంది సుజాతమ్మ. తర్వాత నావైపు తిరిగి, "నయనమ్మా, నాకు ఇంకొక దీపం కావల్ల. వాకిలి బయట. చిన్నది చాలు. లోపల మనుషులు ఉండారని దారిన పోయేవాళ్ళకు తెలియల్ల. మా నాయన బండికి లాంతరు కట్టేవాడు," అంది.

కాగితం మీద లెక్క వేసి చూశాను. మిషను ఎక్కువ కరెంటు తాగుతుంది గానీ పదినిమిషాలే నడుస్తుంది. ఫ్యాను తక్కువ తాగుతుంది గానీ రాత్రంతా తిరుగుతుంది. మొత్తం కూడితే ఫ్యానుదే పెద్ద వంతు. అందుకని నేరుగా బ్యాటరీతో తిరిగే పన్నెండు వోల్టుల ఫ్యాను, అట్లాంటివే దీపాలు పెట్టి, మిషనుకు మాత్రమే చిన్న ఇన్వర్టరు పెట్టాలని అనుకున్నాను. ఒకరోజు మబ్బు పట్టినా ఆగకుండా ఉండేంత బ్యాటరీ. ఇంజను స్టార్ట్ చేసే బ్యాటరీకి దీనికి సంబంధం ఉండకూడదు. లేకపోతే రాత్రి ఫ్యాను తిరిగిందని పొద్దున బండి కదలదు.

ఇంకో పెద్ద చిక్కు ఉంది. బ్యాటరీ చార్జయ్యేటప్పుడు ఆసిడ్ వాసన వస్తుంది. మామూలు మనిషికి పెద్దగా తెలియదు. ఈమె పక్కన పెడితే ఊపిరి కోసం తెచ్చిన వస్తువే ఊపిరి తీస్తుంది. మంచం కింద పెడదామన్న వడ్రంగి మాట నేను ఒప్పుకోలేదు. బండి వెనకాల, బయటివైపు, గాలాడే ఇనుప పెట్టె చేయించి అందులో పెట్టాలని చెప్పాను.

మిగతావి ఎక్కడెక్కడ పెట్టాలో కాగితం మీద గీసి చూపిస్తే వాళ్ళిద్దరికీ అర్థం కాలేదు. అందుకని సుద్దముక్క తీసుకుని అంగడి ముందర సిమెంటు కట్ట మీద మెటడార్ అంత పెద్ద బొమ్మ గీశాను. మునికృష్ణప్ప టేపు పట్టుకుని నిజం కొలతలు చెప్పాడు. ఇక్కడ మంచం, ఇక్కడ పొయ్యి, ఇక్కడ వాకిలి.

సుజాతమ్మ చెప్పులు బయట విడిచి, సుద్దగీత వాకిలి గుండా లోపలికి వచ్చి, మంచం ఉండాల్సిన చోట కూర్చుంది. బస్టాండుకు పోయే జనం ఆగి చూశారు. ఆమె ఎవరినీ పట్టించుకోలేదు. కళ్ళు మూసుకుని కుడిచేయి చాచింది.

"నిద్రలో ఆయాసం వస్తే చెయ్యి ఈడికి పోతాది. మిషను ఈడ ఉండల్ల. స్విచ్చి ఈడ."

చెయ్యి ఆగినచోట నేను గుర్తు పెట్టాను.

"మరి నేను యాడ పడుకోవల్ల?" అన్నాడు మునికృష్ణప్ప, గీత బయట నిలబడి.

"లోపలికి రా మొదలు," అందామె.

ఆయన కూడా చెప్పులు విడిచి, వాకిలి దగ్గర అలవాటుగా తల వంచి లోపలికి వచ్చాడు. అక్కడ తల తగలడానికి ఏమీ లేదు. చూస్తున్నవాళ్ళు నవ్వారు, ఆమె కూడా నవ్వింది, నవ్వుకు దగ్గొచ్చింది. ఆయన ఆమె వీపు మీద చెయ్యి వేసి దగ్గు తగ్గేదాకా అలాగే కూర్చున్నాడు.

ప్యానెళ్ళు బెంగళూరు నుంచి తెప్పించాను. ఒకటే పెద్దది తేవాలనుకుంటే అది దొరకలేదు. చిన్నవి రెండు దొరికాయి. బండి నెత్తిన క్యారియరు మీద ఇనుప యాంగిల్ వేసి బోల్టులతో బిగించాం. మొదట పెట్టిన ఇన్వర్టరు మిషను స్టార్ట్ కాగానే కీచుమని ఆగిపోయింది. ఆ మిషనులో ఉన్న చిన్న మోటారు మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. అది నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇంకొంచెం పెద్దది మార్చినాక మిషను బుస్సుమని ఆవిరి వదిలింది. మునికృష్ణప్ప మాస్కు తన మూతికి పెట్టుకుని, "వస్తాండాది! వస్తాండాది!" అని కేకేశాడు.

శివరాత్రి పోయినాక మొదటి ప్రయాణం. తొండేభావిలో ఆయన పాత స్నేహితుడి చేను ఉంది, అక్కడ నాలుగు రోజులు ఉండి వస్తామని చెప్పి వెళ్ళారు. మూడో రోజే మెటడార్ మా అంగడి ముందర ఆగింది. మునికృష్ణప్ప దిగాడు. ముఖంలో నెత్తురు లేదు.

"ఇప్పేసెయ్ నయనమ్మా. అంతా ఇప్పేసెయ్. ఇది మా నొసట రాయలేదు."

సంగతేమంటే, చేలో పెద్ద చింతచెట్టు ఉంది. ఎండ మొదలైంది, బండి వేడెక్కితే ఆమెకు ఊపిరి ఆడదని దాని కింద పెట్టాడు. చల్లగా ఉంది, ఆమె హాయిగా ఉంది. ప్యానెళ్ళ మీద కూడా చల్లగా చెట్టునీడే పడింది. బ్యాటరీకి ఏమీ చేరలేదు. రెండోరోజు మధ్యాహ్నం మందు సగంలో ఉండగా ఇన్వర్టరు కూత పెట్టి ఆగిపోయింది. ఆమెను అలాగే బండిలో కూర్చోబెట్టుకుని ఊళ్ళోకి తోలి, పిండి మిల్లు వాళ్ళను బతిమాలి, వాళ్ళ ప్లగ్గుకు మిషను తగిలించాడు. అదృష్టం కొద్దీ ఆ వేళకు కరెంటు ఉంది.

"ఎండలో పెడితే ఆమెకు ఆయాసం. నీడలో పెడితే మిషనుకు తిండి లేదు. ఇంగ యాడ పెట్టేది నేను?" అన్నాడు. "మిల్లులో పిండి దుమ్ము. అందులో కూర్చోబెట్టినానమ్మా ఆమెను. నా చేతులారా తీసుకొనిపోయి."

ఇంకో ప్యానెల్ పెట్టినా నీడలో అది కూడా పడుకుంటుంది. బండి పైకప్పుకు తాటాకు పరిస్తే వేడి తగ్గుతుందేమో అని ఏదో అన్నాను. నాకే నమ్మకం లేదు.

సుజాతమ్మ బండి దిగలేదు. లోపల మంచం మీద, తలుపు తీసుకుని కూర్చుని ఉంది. నేను దగ్గరికి పోతే, "ఆ మనిషికి కాసిన్ని నీళ్ళు ఇయ్యమ్మా, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు," అంది. ఆమెకు ఓటమి అనిపించలేదని అప్పుడే తెలిసింది నాకు. రెండు రాత్రులు బయట పడుకున్నదాని సంతోషం ముఖంలో ఇంకా ఉంది.

"నయనమ్మా, ఆ పైన పలకలు బండికి అంటుకునే ఉండల్లా?"

"అంటే?"

"మా నాయన బండి కూడా చెట్టు కిందే పెట్టేవాడు. ఎద్దులకు నీడ కావల్ల గదా. అట్లని బట్టలు నీడలో ఆరేస్తామా? గట్టు మీద ఎండలో పరిచేవాళ్ళం. బండి బండిచోట, బట్టలు బట్టలచోట."

నేను బండి నెత్తికేసి చూశాను. బోల్టులు తీసి మడత క్లిప్పులు పెడితే ప్యానెళ్ళు కిందికి దిగుతాయి. పొడుగు వైరు ఉంటే ఎక్కడైనా పెట్టుకోవచ్చు. వైరు పొడుగయ్యేకొద్దీ కొంత కరెంటు దారిలోనే పోతుంది కాబట్టి లావు వైరు వాడాలి. పెద్ద ప్యానెల్ అయితే ఎత్తడానికి ఇద్దరు కావాల్సి వచ్చేది. ఇవి చిన్నవి రెండు, ఒక్కొక్కటి చంకలో పెట్టుకుని నడవొచ్చు.

"మామా, ఇట్ల రా," అని పిలిచింది సుజాతమ్మ. "ఇప్పేది లేదు, ఏమీ లేదు. ఈ పాప వైరు వేస్తాది. కూర్చో."

ఆయన ఆమె కాళ్ళ దగ్గర, బండి మెట్టు మీద కూర్చున్నాడు. నేను టీ తెప్పించాను. ఆయన తాగుతూ ఉంటే ఆమె ఆయన చొక్కా భుజం మీద అంటుకున్న పిండిని చేత్తో దులిపింది.

ఆ వారమంతా ఆ పనే చేశాను. ప్యానెళ్ళ వెనకాల వాలుగా నిలబెట్టడానికి మడిచే కాళ్ళు పెట్టాను. ఈసారి వాళ్ళు బట్లహళ్ళి వైపు వెళ్ళారు. అన్నప్రకారం రోజులన్నీ ఉండి, ఇంకా రెండు రోజులు ఎక్కువే ఉండి వచ్చారు. వచ్చేటప్పుడు నాకు ఒక గంప మామిడి పిందెలు తెచ్చారు, నేరేడు పళ్ళు తేవాలనుకుంటే వాటికి ఇంకా కాలం రాలేదని సుజాతమ్మ నొచ్చుకుంది.

ఆ తర్వాత వానలు పట్టిన నెలలు ఇంట్లో ఉండటం, వానలు వెలిసినాక బండి కట్టడం వాళ్ళకు అలవాటయింది. ఆయాసం పోలేదు. ఒకసారి ప్రయాణం మధ్యలోనే చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. డాక్టరు తిరగడం మానమన్నాడా అని నేను భయపడి అడిగితే, "దుమ్ములో, పొగలో తిరగొద్దు అన్నాడు. చెట్ల కింద కూర్చోవద్దని అనలేదు," అంది. మునికృష్ణప్ప మందు కొలిచి పోయడం, మాస్కు వేడినీళ్ళతో కడగడం నేర్చుకున్నాడు. బ్యాటరీలో నీళ్ళు పోయించుకోవడానికి నా దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎక్కడెక్కడికి పోయారో ఇద్దరూ చెప్పేవాళ్ళు. చెప్పడం ఆమె పని, సరిచేయడం ఆయన పని అన్నట్టు ఉండేది. ఒక్కోసారి అది తారుమారయ్యేది కూడా.

రెండేండ్ల తర్వాత ఒక అమావాస్య రోజు అంగడి మూసి ఉంటే, నన్ను కూడా ఎక్కించుకున్నారు. గుడిబండ దగ్గర భైరసాగరం చెరువు గట్టుకు పోయాం. బండిని తుమ్మచెట్ల నీడలో పెట్టాడు. సుజాతమ్మ దిగి, ఒక ప్యానెల్ చంకలో పెట్టుకుని, నాలుగడుగులకు ఒకసారి ఆగుతూ, ఎండ పడేచోటికి నడిచింది. నేను అందుకోబోతే మునికృష్ణప్ప నా చెయ్యి పట్టి ఆపాడు.

"ఉండనీమ్మా. అది ఆమె పని. ఎవురినీ తాకనీయదు."

ఆమె ప్యానెల్‌ను సూర్యుడి వైపు తిప్పి, కాళ్ళు విప్పి, కొంగుతో పైన దుమ్ము తుడిచింది. రెండోదానికి తిరిగి వచ్చింది. ఈ రెండు నడకల మధ్య ఆయన రాళ్ళు పేర్చి పొయ్యి ముట్టించాడు, పొగ ఆమెకు తగలకుండా గాలి వాలు చూసుకుని దూరంగా.

రాగిముద్ద, వేరుశెనక్కాయల చట్నీ తిన్నాం. తిన్నాక ఆమెకు ఆయాసం వచ్చింది. ఎవరూ హడావుడి పడలేదు. ఆమె మంచం మీద కూర్చుని చెయ్యి చాచి స్విచ్చి వేసింది. మాస్కులోంచి తెల్లటి ఆవిరి వస్తుంటే తలుపులోంచి చెరువు మీద వాలే కొంగల్ని చూసింది. వాట్లు, గంటలు అని నేను వేసిన లెక్కంతా ఆ ఆవిరిలో ఉందని అనుకున్నాను. అంగడిలో కూర్చుని ఎన్ని బ్యాటరీలు అమ్మినా, వాటి కరెంటు ఊపిరిగా మనిషి లోపలికి పోవడం నేను అంతవరకూ చూడలేదు.

మునికృష్ణప్ప అప్పటికే చెట్టు కింద తువ్వాలు పరుచుకుని నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, ఒక చెయ్యి గడ్డిమీద పడేసి.

ఆమె మాస్కు తీసి, ఆయనవైపు చూసి, గొంతు తగ్గించింది.

"లేపొద్దులేమ్మా. పొద్దు వాలనీ. రేపు చేలూరు దాకా తోలల్ల పాపం."

"చేలూరుకా? నన్ను బాగేపల్లిలో దింపేసి పోతారు గదా అక్కా?"

"నువ్వూ రా," అంది సుజాతమ్మ. "ఒక్క రోజు అంగడి తీయకపోతే ఏమయితాది?"

ఏమవుతుందో ఆలోచించాను. ఏమీ కాదనిపించింది. ఆమె జరిగి మంచం మీద నాకు చోటు ఇచ్చింది.